మీకు తెలుసా? స్పానిష్‌లో ‘వెళ్ళు’ ఒక్క క్రియ కాదు

స్పానిష్‌లో ‘వెళ్ళడం’ అనే మాట కోసం నిఘంటువు తెరిస్తే కనిపించేది ‘ఇర్’. వాళ్ళ లిపిలో రెండే అక్షరాలు. ఇంత పొట్టి మాట సాధుప్రాణిలా ఉంటుందనుకుంటాం. కాలాల్లోకి దింపితే దాని అసలు రంగు బయటపడుతుంది. నేను వెళ్తాను అంటే ‘బోయ్’. వెళ్ళేవాణ్ణి అంటే ‘ఈబా’. వెళ్ళాను అంటే ‘ఫుయి’. రేపు వెళ్తాను అంటే ‘ఇరే’. నేను వెళ్ళాలని ఎవరైనా కోరుకుంటే అక్కడ ‘బాయా’. ఈ ఐదింటినీ వరసగా వింటే ఒకే క్రియ అని ఎవరూ నమ్మరు.

చదివే ముందు ఉచ్చారణ గురించి ఒక మాట. స్పానిష్ వాళ్ళు ‘వి’ అక్షరాన్ని కూడా ‘బ’ లాగే పలుకుతారు, అందుకే ఇక్కడ బోయ్, బాయా అని రాస్తున్నాను. ‘హెచ్’ రాస్తారు కానీ పలకరు. వాళ్ళ త, ద మన త, ద లే. ఇంగ్లీషు వాళ్ళు ట, డ అంటూ తంటాలు పడే చోట తెలుగు నాలుకకు అసలు పనే ఉండదు.

ఒక క్రియ, మూడు పుట్టిళ్ళు

ఇర్ ఇలా తయారవడానికి కారణం లాటిన్‌లో ఉంది. ‘వెళ్ళు’ అనడానికి లాటిన్‌లో ‘ఈరే’ అనే క్రియ ఉండేది. వర్తమానంలో దాని రూపాలు మరీ చిన్నవి. నేను వెళ్తాను అంటే ‘ఏఓ’, నువ్వు వెళ్తావు అంటే ‘ఈస్’, అతను వెళ్తాడు అంటే ‘ఇత్’. గబగబా మాట్లాడేటప్పుడు ఇంత పొట్టి మాటలు పక్క మాటల్లో కలిసిపోతాయి. జనం ఆ చోట్లలో ‘వాదెరే’ అనే ఇంకో క్రియను వాడసాగారు. సాగిపోవడం, వడిగా నడవడం దాని అర్థం. అదే ఈనాటి బోయ్, బాస్, బా, బామోస్, బాయిస్, బాన్. మన బాయా కూడా దాని సంతానమే.

ఈరే పూర్తిగా పోలేదు. నిడివి ఉండి చెవికి ఆనే రూపాల్లో బతికింది. ఈబా, ఇరే, ‘వెళ్తూ’ అనే అర్థంలో యెందో, ‘వెళ్ళిన’ అనే అర్థంలో ఈదో, ఇవన్నీ దానివే.

మూడోదైన ఫుయి మాత్రం నిజానికి వెళ్ళడమే కాదు. లాటిన్‌లో ‘ఉండు’ అనే అర్థమున్న ‘ఎస్సె’ క్రియకు అది భూతకాల రూపం. ఒకాయన కాశీలో ఉండి వచ్చాడంటే కాశీకి వెళ్ళాడనే కదా. ఆ దారినే ‘ఉన్నాను’ మెల్లగా ‘వెళ్ళాను’ అయి కూర్చుంది. పోర్చుగీసులోనూ ఇదే జరిగింది. ఫ్రెంచ్‌లో ‘వెళ్ళు’ క్రియ కూడా వేరువేరు ధాతువుల అతుకే. ఇంగ్లీషు గో, వెంట్ సంగతి బడిపిల్లలకూ తెలుసు.

మనకూ ఇలాంటిది ఉంది కదా అని మీకు అనిపించి ఉంటుంది. వస్తాను, వచ్చాను అంటాం. పిలవాల్సి వస్తే ‘రా’ అంటాం. కుదరకపోతే ‘రాను’ అంటాం. తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళు తల పట్టుకునే చోటు ఇదే. అయితే తేడా ఒకటుంది. తమిళంలోని వా, వరువేన్, వందేన్ పక్కన పెట్టి చూస్తే మన ‘వచ్చు’, ‘రా’ రెండూ ఒకే ద్రావిడ ధాతువు నుంచి విడిపోయినవని తేలుతుంది. అంటే మనవి విడిపోయిన అన్నదమ్ములు, స్పానిష్ వాళ్ళవి బయటి నుంచి వచ్చి కలిసిన వాళ్ళు.

‘నేను వెళ్ళాను’, ‘నేనున్నాను’: రెంటికీ ఒకటే మాట

ఫుయిని ‘వెళ్ళు’ ఎత్తుకుపోయినా ‘ఉండు’ తన హక్కు వదులుకోలేదు. అందుకని ‘సేర్’ (ఉండు, అవు) క్రియకూ ఇర్ క్రియకూ ఈ భూతకాలంలో ఆరు రూపాలకు ఆరూ ఒకటే: ఫుయి, ఫుయిస్తే, ఫ్వే, ఫుయిమోస్, ఫుయిస్తేయిస్, ఫ్వేరోన్. ‘ఫుయి ప్రొఫెసోర్’ అంటే నేను ఒకప్పుడు మాస్టారిగా ఉన్నాను. ‘ఫుయి ఆ మద్రీద్’ అంటే మాడ్రిడ్ వెళ్ళాను. మధ్యలో ఉన్న ‘ఆ’ మన ‘కు’ చేసే పని చేస్తుంది కాబట్టి గందరగోళం రాదు. అది లేని చోట్ల సందర్భమే దిక్కు, దానితోనే 50 కోట్లకు దగ్గరగా ఉన్న జనం హాయిగా నెట్టుకొస్తున్నారు.

సేర్ సంగతి ఎత్తాం కాబట్టి ఇంకో చిత్రం. ‘సేర్’ అనే మూలరూపం ‘ఎస్సె’ నుంచి రాలేదు. లాటిన్‌లో ‘కూర్చోవడం’ అనే అర్థమున్న ‘సెదేరే’ నుంచి వచ్చింది. స్పానిష్‌లో ఉండడానికి రెండో క్రియ ఒకటుంది, ‘ఎస్తార్’. దాని పుట్టుక ‘నిలబడడం’. శాశ్వత గుణాలకు ఎక్కువగా సేర్, ఇప్పటి స్థితికి ఎస్తార్ వాడతారు. అంటే కూర్చున్నది స్థిరం, నిలబడ్డది తాత్కాలికం. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదు గానీ, పెట్టినట్టే కుదిరింది.

‘నువ్వు’ అనే వ్యక్తికి సేర్ ఇచ్చిన వర్తమాన రూపం ‘ఏరేస్’. ఇది లాటిన్ భవిష్యత్ రూపం, ‘నువ్వు ఉంటావు’ అన్నదానికి వాడేది. వర్తమానంలో నువ్వుకీ అతనికీ ‘ఎస్’ అనే ఒకటే మాట మిగిలేసరికి తేడా చూపడానికి పక్క కాలం నుంచి ఒక మాట తెచ్చుకున్నారు.

తెలుగువాడికి తేలిక, ఇంగ్లీషువాడికి గుదిబండ

స్పానిష్‌లో భూతకాలం రెండు రకాలు. ఒకటి ముగిసిన పని, ఇంకొకటి సాగుతున్న లేదా అలవాటైన పని. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ తేడా చెప్పడానికి పేజీలకు పేజీలు ఖర్చవుతాయి. తెలుగువాడికి ఒక్క వాక్యం చాలు. ‘వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాళ్ళం’ అంటే ఈబామోస్. ‘పోయిన వేసవిలో వెళ్ళాం’ అంటే ఫుయిమోస్. ‘బడికి వెళ్తుంటే వాన అందుకుంది’ అన్నప్పుడు వెళ్తుండడం ఈబా వైపు, అందుకోవడం ముగిసిన పని వైపు. ‘-ఏవాణ్ణి’ అన్నా ‘-తుంటే’ అన్నా తోచిన చోట ఈబా పెట్టుకుంటూ పొండి, నూటికి తొంభై సార్లు తప్పు పోదు.

ఈ అలవాటు భూతకాలంలో స్పానిష్ చాలా మర్యాదగా ప్రవర్తిస్తుంది. దారి తప్పిన క్రియలు భాష మొత్తంలో మూడే. సేర్ ‘ఏరా’ అవుతుంది, ఇర్ ‘ఈబా’ అవుతుంది, చూడడం అనే అర్థమున్న ‘బేర్’ ‘బేయీయా’ అవుతుంది. మిగతా వేల క్రియలన్నీ బుద్ధిగా వరసలో నిలబడతాయి.

కాలం మారితే అర్థమే మారిపోయే క్రియలు మాత్రం జాగ్రత్తగా చూసుకోవలసినవి. ‘సాబేర్’ అంటే తెలియడం. అలవాటు భూతంలో ‘సాబీయా’ అంటే నాకు తెలుసు, అప్పటికే తెలుసు. ముగిసిన భూతంలో ‘సూపే’ అంటే నాకు తెలిసింది, అప్పుడే కబురందింది. తెలుసుకీ తెలిసిందికీ మధ్య ఉన్న సన్నని గీతను మనం రోజూ దాటుతూనే ఉంటాం, స్పానిష్ వాళ్ళు దాన్ని కాలంతో దాటుతారు. ‘కోనోసీయా’ అంటే ఆయన నాకు పరిచయమే, ‘కోనోసీ’ అంటే ఆయన పరిచయమయ్యాడు. ‘కెరీయా’ అంటే కోరుకున్నాను, అదే ‘నో కీసే’ అంటే ససేమిరా అన్నాను. ‘పోదీయా’ అంటే చేయగలిగేవాణ్ణి, చేశానో లేదో చెప్పను. ‘పూదే’ అంటే చేయగలిగాను, చేసేశాను.

రేపటి కాలం రెండు మాటల అతుకు

ఇరే అనే భవిష్యత్ రూపాన్ని విప్పి చూస్తే లోపల ‘ఇర్’, ‘ఏ’ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ‘ఏ’ అంటే ‘నాకు ఉంది’. అంటే ‘వెళ్ళవలసి ఉంది’ అన్నదే కాలక్రమంలో ‘వెళ్తాను’ అయింది. పాత స్పానిష్‌లో ఈ రెండు ముక్కల మధ్య సర్వనామాన్ని దూర్చడం కూడా ఉండేది, ‘చెప్పడం – నీకు – ఉంది’ అన్నట్టుగా. స్పెయిన్‌లో ఆ అలవాటు పోయింది. పక్కనే ఉన్న పోర్చుగల్‌లో జాగ్రత్తగా రాసేవాళ్ళు ఇప్పటికీ అలాగే రాస్తారు. మనం ‘చేస్తూ ఉన్నాను’ను ‘చేస్తున్నాను’గా అతికించుకున్నట్టే వాళ్ళు దీన్ని అతికించుకున్నారు.

ఈ గుట్టును అచ్చులో పెట్టినవాడు ఆంతోనియో దె నెబ్రిహా. ఆయన రాసిన కస్తీలియా (అంటే స్పానిష్) భాషా వ్యాకరణం 1492 ఆగస్టు 18న సాలమాంకాలో అచ్చయింది. అంతకు 15 రోజుల ముందే, ఆగస్టు 3న, కొలంబస్ ఓడలు పాలోస్ రేవు వదిలాయి. ఆ ఓడలు ఎక్కడ తేలతాయో అప్పటికి ఎవరికీ తెలియదు, వాటి వెనకే పోయి ఒక ఖండమంతా పరచుకోబోయే భాషకు మాత్రం వ్యాకరణం సిద్ధంగా ఉంది. అంతకు ముందు పుస్తకం నమూనా చూపినప్పుడు ఇసబెల్ రాణి దీనివల్ల ప్రయోజనమేమిటని అడిగిందని నెబ్రిహాయే ముందుమాటలో చెప్పుకున్నాడు. న్యాయమైన ప్రశ్నే. మాతృభాషకు వ్యాకరణమెందుకని మన ఇళ్ళల్లో ఇప్పటికీ అడుగుతారు.

భవిష్యత్తులో దారి తప్పే క్రియలు పన్నెండు. అవి కూడా చివర్లు మార్చవు, చాలావరకు మధ్యలో ఒక అచ్చు మింగేస్తాయి, అంతే. పోదేర్ ‘పోద్రే’ అవుతుంది, సాబేర్ ‘సాబ్రే’ అవుతుంది. ‘పెట్టు’ అనే అర్థమున్న పోనేర్‌లో ‘ఏ’ పడిపోతే న, ర పక్కపక్కన చేరాయి. ఆ రెండూ కలిపి పలకడం నాలుకకు ఇబ్బంది కాబట్టి మధ్యలో ‘ద’ వచ్చి చేరింది: ‘పొంద్రే’. తేనేర్, బేనీర్, సాలీర్, బాలేర్ అన్నిటికీ ఇదే కథ.

అన్నిటికన్నా తమాషా కెరేర్ (కోరుకోవడం) ది. దాని మధ్య అచ్చు పడిపోతే రెండు ర లు కలిసిపోయాయి. దాంతో ‘కెరీయా’ అంటే కోరుకున్నాను, ‘కెర్రీయా’ అంటే కోరుకునేవాణ్ణే, వీలుంటే గనక. ఒక్క ర వత్తు మీద ఇంత బరువు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ చెవికి ఈ రెండూ ఒకటే. కర, కర్ర వేరువేరని పుట్టినప్పటి నుంచీ వింటున్న మనకు ఇది లెక్కలోకే రాదు.

చిత్రమేమిటంటే ఇంత కష్టపడి కట్టుకున్న ఈ భవిష్యత్తును మాటల్లో రోజురోజుకీ తక్కువ వాడుతున్నారు. రేపు తింటాను అనడానికి ‘బోయ్ ఆ కొమేర్’, అంటే ‘తినడానికి వెళ్తున్నాను’ అంటారు. ‘వెళ్ళబోతున్నాను’ అనాలంటే ‘బోయ్ ఆ ఇర్’, వెళ్ళడం మీద వెళ్ళడం. పాత రూపానికి ఇంకో ఉద్యోగం దొరికింది: ఊహ. టైమెంతైందని అడిగితే ‘సెరాన్ లాస్ సీంకో’ అంటారు, అక్షరాలా ‘ఐదవుతాయి’, భావం మాత్రం ‘ఐదై ఉంటుంది’. తెలుగులోనూ అంతే. ‘వాడీపాటికి ఇంట్లో ఉంటాడు’ అంటే మనం రేపటి మాట చెప్పడం లేదు. మన వ్యాకరణవేత్తలు దాన్ని తద్ధర్మం అని విడదీసి పేరు పెట్టారు, వాళ్ళు ‘ఊహా భవిష్యత్తు’ అంటారు.

చూచిరాతలో పాసైన క్రియలు

‘నాకు ఉంది’ అనే అర్థమున్న తేనేర్‌కు భూతకాలం ‘తూబే’. ‘న’ ఎక్కడ పోయింది, ‘ఊ’ ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్ నుంచి కాదు. పాత స్పానిష్‌లో ఆబేర్ అనే సహాయక్రియకు ‘ఓబే’ అనే భూతకాలం ఉండేది, అది న్యాయంగా లాటిన్ నుంచి వచ్చినదే. అది జనం నోట్లో ఎంత ఎక్కువగా నానిందంటే, దాన్ని చూసి తేనేర్ ‘తోబే’ అయింది, ఎస్తార్ ‘ఎస్తోబే’ అయింది, నడవడం అనే అర్థమున్న ఆందార్ ‘ఆందోబే’ అయింది. తర్వాత ఆ ‘ఓ’లన్నీ ‘ఊ’లయ్యాయి: ఊబే, తూబే, ఎస్తూబే, ఆందూబే. అంటే అసలు కారణం ఒకదానికే ఉంది, మిగతావి పక్కవాడి పలక చూసి రాసుకున్నవి.

వాటిలో ఆందూబే ఇప్పటికీ స్పెయిన్ వాళ్ళకే సరిగ్గా అతకలేదు. చదువుకున్నవాళ్ళు కూడా నోరుజారి ‘ఆందే’ అంటుంటారు, వినేవాళ్ళు దిద్దుతుంటారు. తెచ్చాను అనడానికి ఇప్పటి మాట ‘త్రాహే’. ఒకప్పుడు ‘త్రూహే’ అనడం కూడా మామూలే, సెర్వాంతెస్ రాసిన ‘దోన్ కిహోతే’లో ఆ రూపం కనిపిస్తుంది. మెక్సికో పల్లెల్లో, అమెరికాలోని న్యూ మెక్సికోలో పాతకాలపు స్పానిష్ కుటుంబాల్లో అది ఇంకా వినబడుతుంది. పట్నం వాళ్ళు దాన్ని మోటు మాట అంటారు. నాలుగు వందల ఏళ్ళ నాటి మహాగ్రంథంలో ఉన్న మాట ఎలా మోటైందని అడిగితే జవాబుండదు. మన దగ్గర కూడా పల్లె మాటలకు పట్టిన గతి ఇదే.

ఈ జాతి క్రియలకు ఒక సౌకర్యం ఉంది. మామూలు క్రియల్లో ‘ఆబ్లో’ అని మొదటి అక్షరం ఊది పలికితే ‘నేను మాట్లాడతాను’, చివరి అక్షరం ఊదితే ‘అతను మాట్లాడాడు’. వాళ్ళు దానికి చివరి అచ్చు మీద చిన్న గీత పెడతారు. మన లిపిలో ఆ తేడా చూపే గుర్తు లేదు, చెవితోనే పట్టుకోవాలి. తూబే, తూబో, పూదే, పూదో లాంటివి మాత్రం ఎప్పుడూ ముందే ఊదుకుంటాయి, ఆ గీత బెడద వాటికి లేదు.

‘నో సాబో’

సాబేర్‌కు ఉత్తమ పురుషలో ‘నాకు తెలుసు’ అనాలంటే ‘సే’. ఒకటే అక్షరం. స్పానిష్ ఇళ్ళల్లో రెండు మూడేళ్ళ పిల్లలు దాన్ని ‘సాబో’ అంటారు. కొమేర్‌కు కోమో అయినప్పుడు సాబేర్‌కు సాబో ఎందుకు కాకూడదని వాళ్ళ వాదన. విరిగిన అనడానికి ‘రోతో’ బదులు ‘రొంపీదో’, పెట్టిన అనడానికి ‘ప్వేస్తో’ బదులు ‘పొనీదో’, చేసిన అనడానికి ‘ఏచో’ బదులు ‘ఆసీదో’ అంటారు. ఎవరూ నేర్పని మాటలివి. నేర్పలేదు కాబట్టే, పిల్లలు విన్నది అప్పజెప్పడం లేదని, సూత్రం పట్టి తామే తయారుచేసుకుంటున్నారని భాషాశాస్త్రజ్ఞులకు రుజువైంది.

సూత్రం తప్పే క్రియలు చాలావరకు రోజుకు వందసార్లు వాడే క్రియలే కావడం కాకతాళీయం కాదు. ఉండు, వెళ్ళు, తెలుసు, చెయ్యి, చెప్పు, ఇవ్వు. ఎక్కువసార్లు వినబడితే వంకర రూపం కూడా చెవిలో నిలిచిపోతుంది, తర్వాతి తరానికి దాటుతుంది. ఏడాదికోసారి వాడే క్రియ వంకరగా ఉంటే మనుషులకు గుర్తుండదు, సూత్రం ప్రకారం సరిచేసి పారేస్తారు. రేపు కొత్తగా ఒక క్రియ పుడితే అది ఎంత బుద్ధిమంతురాలై ఉంటుందో చూడండి: గూగుల్‌లో వెతకడాన్ని స్పానిష్‌లో ‘గూగ్లేయార్’ అంటారు, అన్ని కాలాల్లోనూ నిటారుగా నడుస్తుంది.

అమెరికాలో పుట్టి పెరిగి, అమ్మానాన్నల స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చే పిల్లలను ‘నో సాబో’ పిల్లలు అంటారు. ‘నాకు తెలీదు’ అనడం కూడా సరిగ్గా రాదని ఎకసెక్కం. కొందరు బాధపడతారు, కొందరు అదే మాటను చొక్కా మీద అచ్చేయించుకుని తిరుగుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగింటి పిల్లాడు బళ్ళో ఇదే స్పానిష్‌ను రెండో భాషగా తీసుకుని ‘సే’, ‘సూపే’ వల్లెవేసి మార్కులు తెచ్చుకుంటాడు. ఇంటికొచ్చి అమ్మమ్మతో ఫోన్‌లో ‘నేను వచ్చను’ అంటాడు. ఆవిడ ‘రాను’ అని దిద్దుతుంది. పిల్లాడి తప్పు కాదది, వాడు సూత్రం పాటించాడు.

సాబేర్‌కు తోడబుట్టినట్టు ఉండేది ‘కాబేర్’, ఇమడడం, పట్టడం. ‘ఈ సీట్లో నేను పడతాను’ అనాలంటే ‘కేపో’. కాబేర్ ఎక్కడ, కేపో ఎక్కడ! స్పానిష్ నేర్చుకునేవాళ్ళు దీన్ని తిట్టుకోని రోజుండదు. కానీ చరిత్ర చూస్తే కేపోదే సరైన నడక. లాటిన్ ‘కాపియో’లోని ‘ఇ’ ముందుకు జరిగి ‘ఆ’తో కలిసి ‘ఏ’ అయింది. ఆ హడావుడిలో ‘ప’ మెత్తబడి ‘బ’ కాకుండా తప్పించుకుంది. సాబేర్‌కు సబ్జంక్టివ్ (బాయా లాగా కోరికలకు వాడే రూపం) అయిన ‘సేపా’లో జరిగిందీ అదే. వంకరగా కనిపించేదే తిన్నగా వచ్చింది.

ఒత్తిడి పడితే అచ్చు విరుగుతుంది

‘నేను చేయగలను’ అంటే ప్వేదో, ‘మేము చేయగలం’ అంటే పోదేమోస్. పోదేర్‌లో ఓ ఒకసారి ‘వే’ ఎందుకవుతోందంటే, ఒత్తిడి ఆ అక్షరం మీద పడినప్పుడు లాటిన్ హ్రస్వ ‘ఒ’ రెండు ముక్కలైంది, పడనప్పుడు అలాగే ఉండిపోయింది. ఇది క్రియలకే కాదు. మంచి అంటే బ్వేనో, మంచితనం అంటే బొందాద్. ఈ ఒక్క సంగతి తెలిస్తే పట్టికల్లో సగం కంఠస్థం చేయనక్కర్లేదు, అయినా పాఠ్యపుస్తకాలు ఎందుకో దీన్ని అట్టడుగున చిన్న అక్షరాల్లో వేస్తాయి.

హంతకుడి కోసమే మిగిలిన కాలం

స్పానిష్‌లో ‘ఒకవేళ మున్ముందు ఇలా జరిగితే’ అనడానికి భవిష్యత్ సబ్జంక్టివ్ అని ఒక కాలం ఉంది. ఇర్‌కూ సేర్‌కూ అక్కడ కూడా ఉమ్మడి రూపమే, ‘ఫ్వేరే’. మాటల్లో ఎవరూ వాడరు. సామెతల్లో ఒకటి రెండు చోట్ల, ఆ తర్వాత చట్టాల్లో మిగిలింది. స్పెయిన్ శిక్షాస్మృతి 1995 నాటిది, పాతదేమీ కాదు. హత్యకు శిక్ష చెప్పే దాని 138వ అధికరణంలో ‘చంపినవాడెవడైనా’ అనడానికి ‘మాతారే’ అనే ఈ రూపమే ఉంది. వీధిలో చచ్చిపోయిన కాలం కోర్టులో దర్జాగా తిరుగుతోంది. మన దస్తావేజుల్లో ‘వ్రాసి ఇచ్చిన’, ‘యావన్మంది’ అన్నట్టే అనుకోండి.

కాలాల పేర్లు ఎవరిష్టం వాళ్ళది

ఈబాను స్పెయిన్ బళ్ళలో ‘అసంపూర్ణ భూతం’ అంటారు, మెక్సికో బళ్ళలో ‘సహభూతం’ అంటారు. ఆ రెండో పేరు పెట్టినవాడు ఆంద్రెస్ బేయో. కరాకస్‌లో పుట్టి, చిలీ రాజధాని శాంతియాగోలో స్థిరపడి, 1847లో అమెరికా ఖండపు వాళ్ళ కోసమని చెప్పి మరీ ఒక స్పానిష్ వ్యాకరణం రాశాడు. లాటిన్ నుంచి అరువు తెచ్చిన పేర్లు తీసేసి, ఒక పని ఇంకో పనికి ముందా, వెనకా, తోడా అన్నది పేరులోనే తెలిసేలా చేశాడు. ఏ రకంగా చూసినా బేయో పేర్లే మేలు. కానీ స్పెయిన్‌లోని రాయల్ అకాడమీ 1713 నుంచీ ఉంది, దానికి తన పేర్లు తనకున్నాయి. హైదరాబాద్ ఇఫ్లూలోనో ఇంకెక్కడో స్పానిష్ నేర్చుకునేవాళ్ళు మెక్సికో పుస్తకం, స్పెయిన్ పుస్తకం కలిపి చదివితే ఒకే కాలాన్ని రెండుసార్లు నేర్చుకుంటారు.

వాడుకలోనూ రెండు తీరాలు వేరు. ఈ పొద్దున వెళ్ళాను అనడానికి స్పెయిన్‌లో చాలాచోట్ల ‘ఏ ఈదో’ అంటారు, అట్లాంటిక్ దాటితే ఎక్కువగా ‘ఫుయి’.

పొమ్మనడానికి పడిన పాట్లు

అన్నిటికన్నా పెద్ద తగువు ఆజ్ఞ దగ్గర. ‘నువ్వు వెళ్ళు’ అంటే ‘బే’. ‘చూడు’ అన్నా ‘బే’నే. ‘వెళ్దాం పదండి’ అంటే ‘బామోస్’, ఇది వర్తమానంలా కనిపిస్తుంది గానీ నిజానికి పాత సబ్జంక్టివ్ వేషం మార్చుకోకుండా మిగిలినది. అర్జెంటీనాలో నువ్వు అనడానికి ‘బోస్’ అంటారు, దానికి తగిన ఆజ్ఞారూపం ఇర్‌కు లేనే లేదు. వాళ్ళు ఊరుకోలేదు, నడవడం అనే ఆందార్‌ను తెచ్చుకుని ‘ఆందా’ అని పంపించేస్తారు. రెండు వేల ఏళ్ళ క్రితం ఈరే కుదరని చోట వాదెరేను తెచ్చుకున్న పద్ధతే ఇది, ఇర్‌కు ఇప్పుడు నాలుగో పుట్టిల్లు దొరికింది.

స్పెయిన్‌లో స్నేహితుల గుంపును ‘మీరు పొండి’ అనాలంటే వ్యాకరణం ప్రకారం ‘ఈదోస్’. వందల ఏళ్ళుగా పుస్తకాలు ఇదే చెప్పాయి, జనం ‘ఈరోస్’ అనే అన్నారు. ఈదోస్ అంటే ఎదుటివాళ్ళు నవ్వుతారు, ఈరోస్ అని రాస్తే మాస్టారు ఎర్ర సిరా పెడతారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు రెండింటినీ తప్పించుకుని వాక్యమే మార్చేసేవారు. చివరికి 2017లో రాయల్ అకాడమీ ఈరోస్ కూడా ఒప్పేనని ప్రకటించింది. పత్రికల్లో కొన్నాళ్ళు రగడ జరిగింది, భాష చెడిపోతోందని పెద్దలు ఉత్తరాలు రాశారు. ఆ వెసులుబాటు ఈ ఒక్క క్రియకే. కూర్చోండి, ఊరుకోండి లాంటి మిగతా ఆజ్ఞల్లో జనం అదే ‘ర’ పలుకుతున్నా, అక్కడ అకాడమీ ఇంకా మెట్టు దిగలేదు.